డిక్కీలో ఎర్ర కడ్డీ

కారు ముందు భాగం అందరిదీ. ఇంజిను కాస్త గొంతు మార్చిందంటే షెడ్డులో పదిమంది చుట్టూ మూగి తలా ఒక మాట అంటారు. వెనక చక్రాలు మాత్రం ఆమెవి. ఇరవై రెండేళ్లుగా గోతిలో దిగి, మెడ వెనక్కి విరిచి, కార్ల పొట్టలు చూస్తూ బతికిన మనిషి. ఎడమ కనుబొమ మీద కందెన మరక ఆమెకు పుట్టుమచ్చ అయిపోయింది. షెడ్డంతా ఆమెను కాగితాలక్క అంటారు.

ఆ పేరు వెనక ఆమె పనితీరు ఉంది. కారు వెనక భాగం ఊగుతోందని ఎవరైనా వస్తే ఆమె కడ్డీలూ పట్టీలూ అమ్మదు. ముందు పాత పేపరును వేలెడు వెడల్పు ముక్కలుగా చించి, మైదా జిగురుతో కింద అతుకుల మీద అడ్డంగా అంటిస్తుంది. ఆరాక కారును గతుకుల రోడ్డు మీద తిప్పి తెస్తుంది. ఏ ముక్క చిరిగితే అక్కడ ఇనుము కదులుతున్నట్టు. "మనిషిని అడిగితే మొహమాటపడతాడు. కాగితానికి ఆ జబ్బు లేదు," అంటుంది.

అలాంటి మనిషి ముందుకు ఒకరోజు పదకొండు ఎర్ర కడ్డీలు వచ్చిపడ్డాయి. వెంట ఒక కారూ, ఒక ఫారమూ, ఆ రెండింటి వెనక ఒక రవాణా కంపెనీ మేనేజరూ.

నలిగిన రేకు సరిచేసి తెచ్చినా, కారును ఆమె చూడగానే గుర్తుపట్టింది. అది తన చెల్లెలు నడిపిన కారు. ఉద్యోగులను ఆఫీసుకు చేరవేసే ఆ కంపెనీలో చెల్లెలు ఆరేళ్లుగా డ్రైవరు. మూడు వారాల కిందట వాన తడి మీద వంతెన మలుపులో వెనక చక్రాలు పక్కకు జారాయి. నలుగురు ఉద్యోగులున్న కారు గిర్రున తిరిగి గోడకు కొట్టుకుంది. వెనక కూర్చున్న ఒక ఉద్యోగినికి భుజం ఎముక విరిగింది. మర్నాడే చెల్లెలిని ఇంటికి పంపేశారు. కాగితం మీద రాసిన కారణం: నిర్లక్ష్యపు డ్రైవింగ్. ఆ ముక్క ఉన్నంతకాలం ఆమెకు ఇంకెవ్వరూ స్టీరింగు ఇవ్వరు.

"ఏమ్మా, ఈ కడ్డీలు మా పదకొండు బండ్లకీ వేసెయ్యాలి. అన్నీ ఒకే మోడలు, ఒకేసారి కొన్నవి," అన్నాడు మేనేజరు. "డిక్కీ తియ్యగానే కనబడాలి. క్లయింటువాళ్లు తనిఖీకి వస్తున్నారు. ఈ ఫారం మీద సంతకం పెట్టెయ్. కడ్డీ వెయ్యకముందు కూడా బండిలో ఏ లోపమూ లేదని."

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు.

"లోపం లేకపోతే కడ్డీ ఎందుకు సారూ? అలంకారానికా?"

"అదనపు భద్రతమ్మా."

"ఇది కుదుపులు ఆపే షాకర్ల పై కొనలు రెంటినీ కలిపే కడ్డీ. పైన ఊగితే పనికొస్తుంది. కింద ఊగితే ఇది మెడలో గొలుసే. ఏది ఊగుతుందో చూశారా?"

"చూడ్డానికి నువ్వున్నావుగా," అని ఆయన నవ్వాడు. షెడ్డు ఓనరు కూడా నవ్వాడు. పదకొండు బండ్ల పని పోగొట్టుకోవడం ఆయనకు ఇష్టం లేదు.

ఆ నవ్వులే ఆమె చేత తప్పు చేయించాయి. కోపం వచ్చిన చేతికి పద్ధతి గుర్తుండదు. గోతి మీద వేరే కారుంది. అది కదిలేదాకా ఆగలేక, ఈ కారును లిఫ్టు మీద పైకెత్తించి, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే ముక్కలు అంటించేసింది. వెనక చక్రాలను మోసే ఇనుప చట్రం అడుగు రేకుకు నాలుగు రబ్బరు బుష్‌ల మీద బిగించి ఉంటుంది. ఆ నాలుగు చోట్లా నాలుగు ముక్కలు. జిగురు ఆరాక కారును కిందికి దింపారు. రోడ్డెక్కకముందే నాలుగూ చిరిగి వేలాడాయి.

మేనేజరు వంగి చూసి చప్పట్లు కొట్టాడు. "నిలబడ్డ బండే ఊగుతోందా? అక్కగారి కాగితాలు చెల్లెలి మీద ప్రేమ ఒలకబోస్తున్నాయే!"

షెడ్డు ఘొల్లుమంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. బరువంతా చక్రాల మీద ఉన్నప్పుడే కాగితం అంటించాలన్నది నేర్చుకునేవాళ్లకు మొదటిరోజు చెప్పే పాఠం. వేలాడుతున్న చట్రం కారు దింపగానే పైకి కూరుకుంటుంది, కాగితం చిరగక ఏం చేస్తుంది? ఇతరుల మీద మండిన మనిషి కాసేపు తన మీదే మండిపడింది.

"తప్పు నాదే," అంది గట్టిగా. "మళ్లీ చేస్తాను. ఈసారి మీరు కూడా గోతిలోకి దిగండి సారూ. మీ కళ్లతోనే చూద్దురుగాని."

గోతి ఖాళీ చేయించింది. కారును చక్రాల మీదే నిలబెట్టి కొత్త ముక్కలు అంటించింది. ఎర్ర కడ్డీని కూడా డిక్కీలో బిగించింది, తర్వాత ఎవరూ సాకు చెప్పకుండా. చెల్లెలికి కబురు పెట్టింది. ఆమె వచ్చి, మేనేజరును చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"రావే, ఎక్కు. ఆ రోజు ఎంత బరువుందో ఇప్పుడూ అంతే ఉండాలి. సారూ, మీరు వెనక సీట్లో కూర్చోండి."

"నేనెందుకు?"

"అదనపు భద్రత వేశాం కదా, భయమెందుకు?"

చెల్లెలూ, ఆయనా, ఒక మెకానిక్కూ వెనక, ఓనరు ముందు. అక్క నడిపింది. గోదాముల వెనక ఖాళీ రోడ్డులో మలుపుంది. వేగం నలభై దాటలేదు. మలుపు మధ్యలో గతుకు తగలగానే కారు తోక పక్కకు విసిరినట్టు ఊగి మళ్లీ సర్దుకుంది. మేనేజరు రెండు చేతులతో ముందు సీటును కౌగిలించుకున్నాడు.

"మెల్లగా పోనివ్వమ్మా! చంపేస్తావా?"

"నలభైలో ఉన్నాను. పొడి రోడ్డు," అంది ఆమె. "ఆ ప్రమాదానికి ముందు నెలలోనే మూడుసార్లు రాసిచ్చింది నా చెల్లెలు, వెనక ఊగుతోందని. మీరా కాగితాలేం చేశారు?"

చెల్లెలు ఆయనవైపు తిరిగింది. "టీ గ్లాసు కింద పెట్టుకున్నారక్కా. నా ఎదురుగానే."

తిరిగొచ్చి, మేనేజరుతో సహా గోతిలోకి దిగి చూశారు. చట్రం ముందరి రెండు ముక్కలూ చెక్కుచెదరలేదు. వెనక రెండూ అడ్డంగా చిరిగాయి. ఆమె ఇనుప కడ్డీ పెట్టి బుష్‌ను కదిపితే వదులు పన్నులా ఆడింది. "కొత్త బుష్‌లు వెయ్యాలి. చట్రం వెనక కొనల్ని అడుగు రేకుతో కలిపే కింది పట్టీ వెయ్యాలి. అది డిక్కీ తీస్తే కనబడదు. మనుషుల్ని మాత్రం కాపాడుతుంది."

మేనేజరు ఈసారి నవ్వలేదు. షెడ్డు ఓనరు గదిలోకి వెళ్లి, కంపెనీ తరఫున ఉత్తరం రాశాడు. చెల్లెలు అందుకుని పైకే చదివింది: "సాంకేతిక కారణాల దృష్ట్యా, మానవతా దృక్పథంతో, డ్రైవరును తిరిగి తీసుకుంటున్నాం." ఉత్తరాన్ని తిరిగి ఆయన ముందుకు తోసింది.

"మానవతా? నేనేమన్నా అడుక్కోడానికొచ్చానా?"

"ఉద్యోగం ఇస్తున్నాం కదమ్మా. ఇంకేం కావాలి?"

"నిర్లక్ష్యం నాది కాదని రాయండి. లోపం బండిదని రాయండి. చెప్పినా మీరు వినలేదని రాయండి."

ఆయన పై ఆఫీసు అన్నాడు, పద్ధతులన్నాడు. ఓనరు నచ్చజెప్పబోయి, అక్క చూపు చూసి ఊరుకున్నాడు. అక్క సంతకం లేని ఫారం బల్ల మీద అలాగే ఉంది. ఆ సంతకం లేకుండా తనిఖీ గడవదు. చివరికి మేనేజరు రాసింది కొట్టేసి, మళ్లీ రాశాడు, చెల్లెలు చెప్పిన మూడు వాక్యాలూ వరుసగా.

చెల్లెలు రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకుంది. ధన్యవాదాలు చెప్పలేదు.

"మిగతా పది బండ్లు ఎక్కడున్నాయి సార్?"

"ఎక్కడుంటాయి, రోడ్డు మీద. ఆఫీసు టైమిది."

"మనుషులతోనా?"

అక్క బల్ల మీదున్న ఆయన ఫోను తీసి ముందుకు జరిపింది.

"ఒక్కొక్కరికీ చెయ్యండి. పక్కకు ఆపి, మనుషుల్ని దింపమనండి. మేం ఇక్కడే కూర్చుంటాం."