రాజవ్వ బొట్టు మీద మోపిన నేరం

అది 2003వ సంవత్సరం. మేడ్చల్ బస్టాండుకు ఎదురు సందులో నాకు కంప్యూటర్ అసెంబ్లీ షాపు ఉండేది. అసెంబ్లీ అంటే కంపెనీ పేరుతో వచ్చే తయారు మెషీన్ కాకుండా, సికింద్రాబాద్ మార్కెట్ నుంచి విడిభాగాలు తెచ్చి, కస్టమర్ అవసరాన్ని బట్టి బిగించి ఇవ్వడం. మదర్‌బోర్డు ఒక కంపెనీది, గ్రాఫిక్స్ కార్డు ఇంకో కంపెనీది. రెండూ కలిసి పనిచేస్తే అందరూ మంచివాళ్ళే. చెడిపోతే మాత్రం ఇద్దరూ చేతులు దులిపేసుకుంటారు, మధ్యలో బిగించినవాడూ కొన్నవాడూ చస్తారు. ఇన్నేళ్ళయినా ఎవరైనా "కస్టమర్ కేర్" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకు మండుతుందో చెప్తాను.

శామీర్‌పేట నుంచి స్వరూప అనే ఆవిడ వచ్చేది. పెళ్ళికి ముందు అల్వాల్‌లో డ్రాఫ్టింగ్ నేర్చుకుంది, అంటే కంప్యూటర్ మీద ఇళ్ళ ప్లాన్లు గీయడం. భర్త శ్రీను తుర్కపల్లిలో ఒక మందుల ల్యాబులో పని. తెల్లవారుజామున కంపెనీ బండెక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే ఇల్లు. ఆయనకు ఇంట్లో కంప్యూటర్ పెట్టడమే ఇష్టం లేదు. "ఆడోళ్ళకెందుకీ పరేషాన్" అని ఆయన వాదన. కోడలి తరఫున నిలబడి కంప్యూటర్ కొనిపించింది అత్త రాజవ్వ. చదువు లేదు, కానీ ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు. "కోడలు సదువుకున్నది, ఆ సదువు పొయ్యిల బెట్టాల్నా?" అని కొడుకును అడిగిందట. 

ఆ ఏడు దుండిగల్ దగ్గర కొత్త కాలనీ వేస్తున్న ఒక బిల్డరు స్వరూపకు మాటిచ్చాడు. ఇంటి ముందుభాగం కట్టకముందే కట్టినట్టు కనిపించేలా ఒక త్రీడీ బొమ్మ చేసి దీపావళి లోపల చూపిస్తే, కాలనీ పని మొత్తం ఆమెకే. మామూలు మెషీన్ మీద ఆ బొమ్మ కదలడం లేదు. మౌస్ జరిపితే స్క్రీన్ మీద ఇల్లు తిరిగేలోపు చాయ్ తాగి రావచ్చు. అందుకే విడిగా గ్రాఫిక్స్ కార్డు కావాలి. స్క్రీన్ మీద బొమ్మ గీసే పని మొత్తం తన నెత్తిన వేసుకునే పలక అది. మళ్ళీ ఇంట్లో గొడవ. మళ్ళీ రాజవ్వే. "నా జిమ్మ" అని, పూచీ తనదేనని కొడుకు ముందు నిలబడింది. ఆ కార్డు ఆమె మాట మీద వచ్చింది, ఇది గుర్తుంచుకోండి.

దసరా ముందు రోజు కార్డు తీసుకుని నేనే శామీర్‌పేట పోయాను. ఆయుధపూజ రోజు మా దిక్కు కుట్టుమిషన్‌కూ, ఆటోకూ, కత్తిపీటకూ అన్నిటికీ బొట్టు పెడతారు. నా షాపులో స్క్రూడ్రైవర్లకు కూడా పెడతాం. రాజవ్వ పసుపు, కుంకుమ పళ్ళెం తెచ్చింది. నేను కంప్యూటర్ డబ్బా మీద పెట్టమన్నాను.

"డబ్బా పాతదే గద బిడ్డా. దానికి పోయినేడు బెట్టిన. కొత్తగ వచ్చింది గిది. దీనికే బెట్టాలె."

"అయితే గీ రేకు మీద పెట్టు అవ్వా. కింద పచ్చగ మెరిసే పళ్ళున్నయ్ సూడు, ఆటికి తగలొద్దు."

కార్డు చివర ఒక ఇనుప రేకు ఉంటుంది. డబ్బా వెనక స్క్రూతో బిగించేది అదే. దానిలో కరెంటు పారదు. ఆ రేకు మీద వేలి కొసతో చిన్న బొట్టు పెట్టింది. నా కళ్ళ ముందు పెట్టింది. ఆరిపోయాకే బిగించాను. స్క్రీన్ వెలిగింది, ఇల్లు గిర్రున తిరిగింది, స్వరూప నవ్వింది. రాజవ్వ నాకు కడుపునిండా అన్నం పెట్టి పంపింది.

పండగ మర్నాడు స్వరూప ఫోను. "అన్నా, కాలిన వాసనొచ్చింది. స్క్రీన్ నల్లగైంది. ఏందిది?"

పోయి విప్పి చూస్తే మదర్‌బోర్డు మీద పెద్ద చిప్ ఉబ్బిపోయి ఉంది. బోర్డు చచ్చింది. నా దగ్గర స్పేర్ బోర్డు ఉంది కానీ ఏ కారణంతో కాలిందో తెలియకుండా ఇంకోటి పెడితే అదీ కాలొచ్చు. కార్డు డబ్బా మీద సపోర్ట్ నంబరు ఉంది. "ఇరవై నాలుగు గంటలూ మీ సేవలో" అని పెద్దక్షరాల్లో. స్వరూపను షాపుకు తీసుకొచ్చి నా ల్యాండ్‌లైన్ నుంచి చేయించాను, బిల్లు ఆమె పేరు మీద ఉంది కాబట్టి.

ముందు చాలాసేపు సంగీతం వినిపించారు. తర్వాత ఒకాయన హిందీలో దిగాడు. కంప్యూటర్ ఆన్ చేసి డ్రైవర్ తీసేసి మళ్ళీ వేయమన్నాడు. డ్రైవర్ అంటే కార్డును గుర్తుపట్టడానికి కంప్యూటర్‌లో వేసే ప్రోగ్రాం.

"ఆన్ అయితలేదు సార్. కాలిపోయింది" అంది స్వరూప, వచ్చిన హిందీలో.

"సరే మేడమ్. అయితే విండోస్ ఫార్మాట్ చేసి చూడండి."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. కాలిన బోర్డును ఫార్మాట్ ఎలా చేస్తారని నేను పక్క నుంచి అరిస్తే, నాతో మాట్లాడనన్నాడు, నేను కస్టమర్ కాదట. కాగితం చూసి చదువుతున్నవాడు ఆ కాగితం దాటి రాడు. ఆఖరికి వాడి కాగితంలోని చివరి ప్రశ్న వచ్చింది: చెడిపోయే ముందు మీరేం చేశారు? స్వరూపకు అబద్ధం చేతకాదు. పండగ, పూజ, బొట్టు అన్నీ చెప్పేసింది. ఆ మనిషి గొంతులో ఒక్కసారిగా హుషారు వచ్చింది. అంతసేపూ ఆ గొంతులో ప్రాణం లేదు. బయటి పదార్థం తగిలింది కాబట్టి ఇది కస్టమర్ తప్పు, వారంటీ వర్తించదు అని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

స్వరూప ఇంటికి పోయి ఆ కోపంలో అత్తను ఒక మాట అంది. "నీ బొట్టుతోనే అయిందట అత్తమ్మా." శ్రీను విన్నాడు. ఇంకేముంది, అన్నాళ్ళు దాచుకున్నదంతా కక్కాడట. నేను మర్నాడు పోయేసరికి రాజవ్వ చీర మార్చుకుని చెప్పులేసుకుని రెడీగా ఉంది. సర్వీస్ సెంటర్‌కు తానూ వస్తానంది.

"బొట్టు బెట్టింది నేను. యాడ బెట్టిన్నో నేనే జూపిస్త. ఆళ్ళు సూసి జెప్పాలె."

సికింద్రాబాద్‌లో ఆ సర్వీస్ సెంటర్ ఒక డిస్ట్రిబ్యూటర్‌ది. కార్డు కంపెనీకీ, బోర్డు కంపెనీకీ ఇద్దరికీ ఆయనే. ఒకే హాలు, రెండు కౌంటర్లు. బోర్డు కౌంటర్లో అడిగితే "కార్డు వల్ల పోయింది, అక్కడడగండి" అన్నారు. కార్డు కౌంటర్లో అడిగితే "కార్డు బాగానే ఉంది, బోర్డు వాళ్ళనడగండి" అన్నారు. ఆ రెండు కౌంటర్ల మధ్య ఎనిమిదడుగులు కూడా లేవు. వాళ్ళిద్దరూ మధ్యాహ్నం ఒకే డబ్బాలోంచి అన్నం తింటారు.

నేను గట్టిగా నిలదీస్తే కార్డు కౌంటర్లో టై కట్టుకున్నాయన కార్డును తిప్పి, రేకు మీద ఎండిపోయిన బొట్టును పెన్నుతో గీరి చూపించాడు.

"ఇదేంటి మరి? చూడమ్మా, ఇవి దేవుడి పటాలు కావు. మెషీన్లు. పసుపులూ కుంకుమలూ పూస్తే కాలక ఏమవుతాయి?"

హాల్లో ఉన్నవాళ్ళు కొందరు నవ్వారు.  ఎక్కడ పెట్టిందో చూపిస్తానని అంత దూరం వచ్చిన రాజవ్వ, చెయ్యి కొంగులోకి లాక్కుంది. ఆ చెయ్యి లాక్కోవడం చూసి నాకు వచ్చిన కోపం ఇంతవరకూ చల్లారలేదు.

"ఆ రేకుల కరెంటే ఉండదు సార్" అన్నాను. "నేను బిగించిన. నా ముంగట పెట్టింది."

"మీకు తెలుసా, మాకు తెలుసా?"

అప్పుడు వెనక నుంచి ఒకాయన ముందుకొచ్చాడు. అల్వాల్‌లో ఇంటర్నెట్ సెంటర్ నడుపుతాడట. చేతిలో అదే కార్డు.

"అన్నా, మాకు పూజ లేదు గీజ లేదు. మాది గూడ గిట్లనే కాలింది. నాకేమో కరెంట్ హెచ్చుతగ్గులు అన్నరు."

కుర్చీలో కూర్చున్న ఒక పెద్దమనిషి, కోస్తా యాస, కళ్ళజోడు పైకి తోసుకుని అన్నాడు: "మాకైతే బల్లి దూరిందన్నారండీ. మా ఇంట్లో బల్లి ఎక్కడుందో చూపించమన్నాను, చూపించలేదు."

ఇంకొకరికి దుమ్ము అట. నేను అందరి కార్డులూ తీసుకుని కౌంటర్ మీద వరసగా పెట్టాను. అన్నీ ఒకటే కార్డు. వాళ్ళ బోర్డులూ ఒకే రకం. ఒకరికి బల్లి, ఒకరికి దుమ్ము, ఒకరికి కరెంటు, మా రాజవ్వకు కుంకుమ. ఎవరికి ఏ నేరం సరిపోతుందో చూసి అది అంటగడుతున్నారు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు. ఇప్పుడు హాల్లో నవ్వులు లేవు. అందరూ ఒకేసారి లేచి కౌంటర్ మీద పడ్డారు.

లోపల నుంచి మేనేజర్ వచ్చి, బయట అరవొద్దని నన్నొక్కణ్ణే గదిలోకి పిలిచాడు. తలుపు వేసి మంచినీళ్ళిచ్చి, నెమ్మదిగా అసలు సంగతి చెప్పాడు. పాత కార్డులు ఎక్కువ వోల్టేజీ మీద నడుస్తాయి, కొత్త బోర్డులు అందులో సగం కూడా తట్టుకోవు. పొరపాటున ఒకదాంట్లో ఇంకోటి పెట్టకుండా కార్డు అంచున ఒక చోట గాటు ఉంటుంది. తప్పు తాళంచెవి తాళంలో దూరనట్టు, గాటు కలవకపోతే కార్డు దిగదు. ఈ కంపెనీ పాత కార్డుకే కొత్త గాటు కూడా కోసి, కొత్త డబ్బాలో పెట్టి అమ్మింది. అందుకే దిగకూడని చోట దిగింది.

"ఇది మీకు ముందే తెలుసా?" అని అడిగాను.

"తెలుసండీ. అందరికీ చెప్తే అందరూ తిరిగి తెస్తారు. పైవాళ్ళు వద్దన్నారు. మీ బోర్డు, కార్డు రెండూ మార్చిస్తాం. మా మంచితనం కింద అనుకోండి. గొడవ మాత్రం వద్దు."

మంచితనమట. పుండు మీద కారం చల్లి పైగా విసనకర్రతో విసిరినట్టు.

"మార్చండి. కానీ ముందు బయటికొచ్చి, ఆ ముసలామెతో నీ బొట్టు వల్ల కాదమ్మా అని చెప్పండి. ఆ టై కట్టుకున్నాయన చెప్పినా సరే. పదిమందిలో అన్నారు, పదిమందిలో చెప్పండి."

మేనేజర్ తల అడ్డంగా ఊపాడు. "అది కుదరదండీ. అలా చెప్తే మేం ఒప్పుకున్నట్టు అవుతుంది."

బతిమాలాను, తిట్టాను, చేతులు కూడా పట్టుకున్నాను. కుదరదన్నాడు. బయటికి వచ్చి చూస్తే రాజవ్వ మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. హాల్లో గొడవేమిటో, ఎవరి కార్డు ఎందుకు కాలిందో ఆమె వినలేదు. ఆ నవ్వులకే బయటికి వచ్చేసిందట.

మార్చిన సామాను దీపావళి దాటాక వచ్చింది. బిగించడానికి పోయాను. అప్పటికే బిల్డరు ఆ కాలనీ పని పట్నంలో ఏదో ఆఫీసుకు ఇచ్చేశాడు. కొత్త కార్డు మీద ఇల్లు చక్కగా తిరుగుతోంది, చూసేవాడే లేడు. శ్రీను ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. తల్లి వినేట్టుగానే, "ఇంకోసారి నీ మాట ఇంటె అప్పుడడుగు" అన్నాడు. స్వరూప స్క్రీన్ మీది ఇంటిని మౌస్‌తో తిప్పుతూ ఉండిపోయింది. నేను శ్రీనుకు గాటు సంగతి మొత్తం చెప్పాను. విన్నాడు. "నువ్వు మా అవ్వ దిక్కే మాట్లాడ్తవ్ తియ్యన్నా" అన్నాడు.

రాజవ్వ బయట అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పక్కన కూర్చుని ఆమెకూ మరోసారి చెప్పాను. కంపెనీ తప్పు అవ్వా, మేనేజరే నాతో ఒప్పుకున్నాడు, నీ బొట్టుకు ఏ సంబంధం లేదు. ఆమె ఒలవడం ఆపకుండా వింది.

"నాకెర్కనే బిడ్డా, నువ్వబద్ధం జెప్పవ్" అంది. "గని నీతోని నాకేం పని. అన్నోళ్ళతోని అనిపియ్యి."

ఆ తర్వాత షాపులో నేను నేర్చుకున్నది ఇంతే. మెషీన్ వస్తే ముందు విప్పి చూస్తాను, మనిషిని ప్రశ్నలడగడం ఆ తర్వాత. తప్పు సామానుదైతే కస్టమర్ ఇంటికి పోయి, ఆ ఇంట్లో వాళ్ళందరి ముందూ చెప్తాను. విరిగిన పార్టు ఎక్కడైనా దొరుకుతుంది. సపోర్ట్ పేరుతో కూర్చున్నవాడు ఒక మనిషి మీద వేసిన నిందను వాడే తీయాలి, వాడు తీయకపోతే తీసేవాడు లేడు. ఆ సర్వీస్ సెంటర్‌కు నేను మళ్ళీ మళ్ళీ పోయాను, ఆ ఒక్క మాట కోసమే పోయాను. వాళ్ళతో అనిపించలేకపోయాను.