శనివారపు నోట్‌బుక్కు

మందుల దుకాణంలో బిల్లు యంత్రం కర్రుమంటూ కాగితాన్ని బయటికి తోసింది. కౌంటర్‌లో ఉన్న అతను తలెత్తకుండానే "ఫోన్ నెంబర్ చెప్పండి మేడం" అన్నాడు. నా ముందున్న నలుగురూ చెప్పి వెళ్లారు. ఇక నా వంతు. ఆ బిల్లు యంత్రం చప్పుడు వింటే ఇప్పటికీ మంచిర్యాలలో నేను నడిపిన ఎస్టీడీ బూత్ గుర్తొస్తుంది. బూత్ వెంట శనివారాలు, శనివారాల వెంట రాజేశం సారు.

తొంభైల మొదటి సంవత్సరాలవి. పోలియో కాలు వల్ల వికలాంగుల కోటాలో నాకు ఆ బూత్ దొరికింది. తెరిచిన నెలకే ఒక కానిస్టేబుల్ వచ్చి పొడుగాటి నోట్‌బుక్కు బల్ల మీద పెట్టాడు. ఫోన్ చేసిన ప్రతి మనిషి పేరు, ఇల్లు, ఏ నెంబరుకు చేసిందీ, ఎంతసేపు మాట్లాడిందీ గళ్లు గీసి రాయాలి. శనివారం వచ్చి పుస్తకం తీసుకుపోయేవాడు, సోమవారం తిరిగి తెచ్చేవాడు. అడవిలో అన్నలున్న కాలం. పోలీసు పుస్తకంలో పేరు పడితే ఏమవుతుందో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. దయ్యాలు లేవనీ, తాయెత్తులు వట్టివనీ కాలేజీలో వేదికలెక్కి వాదించినదాన్ని నేను. రెండు వందల పేజీల నోట్‌బుక్కు ముందు ఒక్క ప్రశ్న కూడా అడగలేకపోయాను.

రాజేశం సారు ఒక దినపత్రికకు విలేకరి. సిరిసిల్లలో మగ్గాల ఇంట పుట్టాడు. మంచిర్యాలలో సైకిల్ మీద తిరిగేవాడు. కరీంనగర్ ఆఫీసుకు వార్త చదివి వినిపించడానికి రోజూ నా బూత్‌కే వచ్చేవాడు. మొదటి రోజు నేను పుస్తకం ముందుకు జరపగానే తన పేరు తనే గుండ్రంగా రాశాడు, ఇంటి నెంబరుతో సహా. ఆ తర్వాత వెనక పేజీలు తిప్పాడు.

"అందరియి గిట్లనే రాస్తున్నవా చెల్లె?"

"రాయమన్నరు సార్."

"కాయిదం ఇచ్చిండ్రా?"

"లేదు. నోటితోనే చెప్పిండ్రు."

"వాళ్లు నోటితోని చెప్తే నువ్వు చేతితోని రాస్తున్నవా?"

నాకు కోపం వచ్చింది. "లైసెన్సు పీకేస్తే మీరు ఇప్పిస్తరా?" అన్నాను.

"ఇప్పియ్యలేను" అని ఒప్పుకున్నాడు. "నా పేరు రాసుకో, అది నా ఇష్టం. వేరేటోళ్ల పేరు రాసేముందు వాళ్లను అడుగు. రాయమన్నోళ్లను కాయిదం అడుగు."

ఆ పట్టుదల ఎక్కడిదో ఒక వానరోజు చెప్పాడు. అరవై తొమ్మిదిలో కరీంనగర్‌లో చదువుకుంటూ ప్రత్యేక తెలంగాణ ఊరేగింపులో నడిచాడట. ఎవరో ఆయన పేరు రాసుకున్నారు. ఆరేళ్లకు బడిపంతులు ఉద్యోగం వచ్చింది, పోలీసు విచారణకు పోయిన కాగితం మాత్రం తిరిగి రాలేదు, ఉద్యోగం చేతికందలేదు. "ఏం తప్పు చేసిన్నో ఎవ్వలు చెప్పలే. పేరున్నదన్నరు, గంతే. గా పుస్తకాన్ని నేను ఒక్కసారి సుత చూడలే చెల్లె. అది నన్ను ఇప్పటిదాంక చూస్తనే ఉన్నది." అందుకే బూత్‌ల పుస్తకాల మీద వ్యాసం రాశాడు. మనిషి ఏం మాట్లాడాడన్నది ఎంత సొంతమో, ఎవరితో మాట్లాడాడన్నదీ అంతే సొంతమన్నాడు. పత్రిక దాన్ని కత్తిరించి లోపలి పేజీలో నాలుగు ముక్కలు వేసింది. ఆ నాలుగు ముక్కలే పట్టుకుని బూత్ బూత్‌కూ తిరిగాడు. చదివినవాళ్లంతా తలూపారు. ఎవరూ రాయడం మానలేదు. నేనూ మానలేదు.

ఒక గురువారం శ్రీరాంపూర్ నుంచి పోశక్క వచ్చింది. ఆమె కొడుకు సమ్మయ్య బొగ్గుబాయిలో లోడింగ్ పనిచేస్తాడు, అతన్ని మూడు రోజుల కింద పోలీసులు తీసుకుపోయారు. అడిగితే మా దగ్గర లేడంటున్నారు. రాజేశం సారు రాసిచ్చిన చీటీ పట్టుకుని కరీంనగర్‌లో ఒక వకీలుకు ఫోన్ చేయాలని వచ్చింది. మాట్లాడాక పుస్తకంలో పేరు రాశాను. ఇంటి నెంబరు ఆమెకు తెలియదు. గడి ఖాళీగా ఉంటే కానిస్టేబుల్ ఏమంటాడోనని భయం వేసింది. "ఇల్లు ఎట్ల గుర్తువట్టాలె అవ్వా?" అని నేనే అడిగాను.

"మూడో లైన్ల చివరి ఇల్లు బిడ్డా. ముంగట రెండు మేకలుంటయి, ఒకటి తెల్లది" అంది పాపం, నేను ఇల్లు అడుగుతున్నది సాయం చేయడానికే అనుకుని.

అదంతా రాశాను. మేకలు కూడా రాశాను.

ఆదివారం పోలీసులు నేరుగా ఆ ఇంటికి వెళ్లారు. వకీళ్లను పట్టుకుంటే రెండో కొడుకు కూడా కనిపించడని చెప్పి వచ్చారు. సోమవారం రాజేశం సారు పుస్తకం తెరిచి ఆ వరుస మీద వేలు పెట్టాడు.

"వాళ్లు పేరు అడిగిండ్రు, ఇల్లు అడిగిండ్రు. మేకలను ఎవలడిగిండ్రు చెల్లె?"

నేను ఏడ్చాను. ఆయన తిట్టలేదు. "భయపడ్డోళ్ల రాత శాన సక్కగ ఉంటది" అని మాత్రం అన్నాడు. ఆ మాట తిట్టుకంటే లోతుగా దిగింది.

ఆ మధ్యాహ్నమే పోశక్కను బూత్ బెంచీ మీద కూర్చోబెట్టి అడిగాడు. "అవ్వా, నీ కొడుకు పేరు పేపర్ల వేస్త. పదిమంది చూస్తే మాయం చేసుడు కష్టమైతది. కానీ నీ ఇంటిమీదికి మళ్ల వస్తరు. నువ్వు ఊ అంటేనే వేస్త."

"ఏస్తే బతుకుతడా?"

"చెప్పలేను అవ్వా."

ఆమె లేచి కొంగు నడుముకు దోపుకుంది. "ఎయ్యి. పెద్ద అక్షరాలతోని ఎయ్యి" అంది.

బుధవారం పేరు అచ్చయింది. గురువారం సమ్మయ్యను కోర్టుకు తెచ్చారు. సరిగ్గా నడవలేకపోతున్నాడు, కానీ ప్రాణాలతో ఉన్నాడు. రాతను పూజించేవాళ్లూ రాతకు వణికేవాళ్లూ నిండిన దేశం మనది. రాస్తున్నది ఎవరు, ఎవరి కోసం, ఎవరిని అడిగి అని అడిగేవాళ్లే తక్కువ. తల్లిని అడిగి అచ్చువేసిన పేరు కొడుకును కాపాడింది. ఎందుకో తల్లికి చెప్పకుండా నేను నింపిన గడి ఆమె గుమ్మంలోకి బూట్లను నడిపించింది.

ఆ శనివారం కానిస్టేబుల్ వచ్చినప్పుడు పుస్తకం సొరుగులోనే ఉంచాను. వేళ్లు వణుకుతుంటే బల్ల కింద దాచుకున్నాను. "రాయాలంటే కాయిదం ఇయ్యుండ్రి సార్" అన్నాను.

"కాయిదమా? మంచిది. ఎస్సై సాబే తెస్తడు తియ్యి" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

ఆ నవ్వు తలుచుకుంటే నాకు నిద్ర పట్టేది కాదు. సోమవారం ఫోన్ మూగబోయింది. పదకొండు రోజులు లైను లేదు. రోడ్డు మీద జీపు చప్పుడైతే లేచి షట్టర్ చాటుకు జరిగేదాన్ని. ఆ పదకొండు రోజులూ రాజేశం సారు షట్టర్ తీసేసరికి వచ్చి, దించేదాకా బెంచీ మీద కూర్చునేవాడు.

"ఫోనే లేని బూత్‌ల మీకేం పని సార్?"

"వాళ్లు కాయిదం తెస్తే సదివి పెట్టెటోడు ఉండాలె గద."

ఆయన చేతిలో పేపరు సన్నగా వణకడం ఒకరోజు గమనించాను. ఆయనకూ భయమేనని అప్పుడు తెలిసింది. అది తెలిసి నాకు కొంత ధైర్యం వచ్చింది. పన్నెండో రోజు ఫోన్ మోగింది. కాయిదం రాలేదు, పుస్తకం కోసమూ ఎవరూ రాలేదు.

తర్వాత ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. అందరూ సంబరపడుతుంటే ఆయన పరేషాన్ అయ్యాడు. "నోట్‌బుక్కయితే చింపుతం. గీ డబ్బల పడ్డ పేరును ఎక్కడ చింపుతం చెల్లె?" అనేవాడు. దాని మీద పోయేదాకా రాశాడు. చాదస్తమని నవ్వినవాళ్లున్నారు. అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చేసరికి ఆయన లేడు.

"మేడం, నెంబర్?" కౌంటర్‌లో అతను మళ్లీ అడిగాడు.

"ఎందుకు?"

"సిస్టం అడుగుతుంది మేడం."

"అడగమని సిస్టానికి ఎవరు చెప్పారు? కాయిదం ఉందా?"

అతను మొదటిసారి తలెత్తి చూశాడు. వెనక వరుసలో ఎవరో విసుక్కున్నారు. నా వేళ్లు ఆ శనివారం లాగే వణుకుతున్నాయి. ఈసారి దాచుకోలేదు, కౌంటర్ మీదే ఉంచాను. అతను నిట్టూర్చి పది సున్నాలు కొట్టాడు.

"పేరన్నా చెప్తారా?"

చెప్పాను. ఇంటిపేరుతో సహా. అది నా ఇష్టం.