మోకాళ్ళమ్మ నిమ్మకాయలు

మా కాలంలో ఆడపిల్ల పరుగెత్తడానికి రెండే కారణాలు ఒప్పుకునేవారు: వాన ముంచుకొస్తే ఆరేసిన బట్టలు తియ్యడం, రైలు కదిలిపోతుండడం. మూడో కారణం కూడా ఉండొచ్చని మా కాలేజీ ఒప్పుకున్నది 1968 జూలైలో. (తేదీలు నేను తప్పు చెప్పను. లెక్కలు చదివినదాన్ని, ఆ పట్టింపు ఇంకా పోలేదు.) కొత్తగా వచ్చిన ఆటల మేడం ఆడపిల్లలతో ఒక జట్టు కట్టింది. మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడేది కాబట్టి ఆవిణ్ణి విజిల్ మేడం అనేవాళ్ళం. డిసెంబరులో, సముద్రం పక్కనున్న వాల్తేరులో యూనివర్సిటీ పోటీలు. లాంగ్ జంప్‌కి నేనూ, రాజాం నుంచి వచ్చిన నా స్నేహితురాలూ పేర్లిచ్చాం. పొడుగు కాళ్ళ వల్ల ఆమెని అందరూ గుర్రం అనేవారు. (అసలు పేరు రాస్తే ఇప్పటికీ కొడుతుంది.) గజపతినగరం దగ్గర పల్లెలో పుట్టిన నేను అప్పటికి సముద్రం చూడలేదు. ఆటలకోసం కాదు, ఆ నీళ్ళకోసమే దూకడం మొదలుపెట్టానని చెబితే అబద్ధం కాదు.

మా కాలేజీ మైదానం ఊరి చివర, వరిచేలను ఆనుకుని ఉండేది. నవంబరు వచ్చేసరికి పొద్దున్నే చేలమీంచి మంచు పాకుతూ వచ్చి మైదానాన్ని మింగేసేది. విజిల్ వినిపించేది కానీ మేడం కనిపించేది కాదు. మనం పరుగెత్తుకుంటూ వెళ్తే ఇసుక గొయ్యి మంచులోంచి హఠాత్తుగా కాళ్ళముందుకొచ్చేది. ఒకప్పుడు అక్కడ నుయ్యి ఉండేదట, పూడ్చేశారు. ఆ ఇసుక మిగతా నేలకన్నా చల్లగా ఉండేది. అక్కడే మా పిల్లలు ఒకరి తర్వాత ఒకరు పడడం మొదలైంది. పుల్ల విరిగినట్టు చిన్న చప్పుడయ్యేది, ఆ వెనక మోకాలి వాపు నిమ్మపండంత నుంచి కొబ్బరికాయంత అయ్యేది. పడిన ప్రతి పిల్లా ఒకే మాట చెప్పింది, ఒకరితో ఒకరు అనుకోకుండానే. గాల్లో ఉండగా ఎవరో మోకాలి దగ్గర పట్టుకుని కిందికి లాగారని.

హాస్టల్ వంటమ్మకి ఇందులో వింతేమీ కనబడలేదు. పప్పు ఎనుపుతూనే తేల్చేసింది.

"ఆ నూతిలో ఒక ఆడమనిసి ఉన్నాదని మా అత్త సెప్పేది. పూడ్సినోళ్ళు సూసుకోనేదు. పైకొద్దామని కాళ్ళు పట్టుకుంటన్నాది, మరేటి సేస్తాది?"

"మరి మగపిల్లలూ అక్కడే దూకుతన్నారు కదా," అంది గుర్రం.

"ఆళ్ళ కాళ్ళు దానికెందుకే గుంటా? సిగ్గుండదేటి?"

మర్నాటికల్లా గొయ్యి పక్కన పసుపు పూసిన రాయి లేచింది. దానికి బొట్టు, రెండు నిమ్మకాయలు, మోకాళ్ళమ్మ అని పేరు కూడా వచ్చేశాయి. విజిల్ మేడం ఆ రాయిని తీయించలేదు. (తీయమంటే తీసే మనిషి దొరకలేదన్నది అసలు సంగతి.)

నేను దయ్యాల్ని నమ్మేదాన్ని కాదు. అందుకని మగపిల్లల సంగతి వాకబు చేశాను. మా మేనత్త కొడుకు, అంటే మా బావ, అక్కడే చదివేవాడు. వాడూ అదే గొయ్యిలో దూకి కుంటుతున్నాడు.

"ఎక్కడ పట్టేసింది బావా?"

"తొడ ఎనకాల. కొందరికి సీలమండ. నీకెందుకే?"

"మోకాలు ఎవరికీ పోనేదా?"

"నేదు. మోకాలు మీ ఆడోళ్ళదేనట కదా, మీ అమ్మోరు వాటా."

వాడు నవ్వాడు గానీ నేను వేళ్ళమీద లెక్కేశాను. మగవాళ్ళకి తొడ, ఆడవాళ్ళకి మోకాలు. పొరపాటున కూడా వాటాలు కలవడం లేదు. దయ్యం అంటే ఇష్టం వచ్చినట్టు తిరిగేదనుకున్నాను. ఇంత క్రమంగా లెక్క చూసుకునే దయ్యమంటేనే నాకు భయం పుట్టింది. పైగా ప్రిన్సిపాల్ గారు కబురు పంపారు: ఇంకొక్క పిల్ల పడినా ఆడపిల్లల పేర్లు వెనక్కి తీసుకుంటాం, వాల్తేరు ప్రయాణం ఉండదు అని. ఆడపిల్లల కాళ్ళు నాజూకు కదా అని ఆయన జాలి కూడా పడ్డారట.

ఆ వారంలోనే నేను పడ్డాను. మంచు దట్టంగా ఉంది. గొయ్యి ముందు దూకే పలక మీంచి ఎగిరాను. గాల్లో ఉండగా ఐదు వేళ్ళు స్పష్టంగా నా మోకాలి పైన బిగుసుకున్నాయి. రెండు మోకాళ్ళూ ఒకదానికొకటి కొట్టుకున్నాయి, కాళ్ళు కర్రల్లా నిలువుగా ఇసుకలో దిగాయి, పక్కకి ఒరిగిపోయాను. అదృష్టం, చప్పుడు కాలేదు. కళ్ళు తెరిచేసరికి మంచులోంచి మేడం మొహం నామీదికి వంగి ఉంది.

"పట్టుకున్నాది మేడం," అన్నాను. "ఇక్కడే. ఇంకా పట్టుకునే ఉన్నాది."

ఆవిడ చూసింది. తర్వాత నెమ్మదిగా నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. నా పిడికిట్లో నా పావడా అంచు ఉంది.

ఎగిరితే పావడా పట్టుకోవాలి, మోకాళ్ళు దగ్గర పెట్టుకోవాలి. కాలవ దాటినా, బండి దిగినా, తొక్కుడు బిళ్ళ ఆడినా, మాకు ఊహ తెలిసినప్పటినుంచి అమ్మలూ అమ్మమ్మలూ నేర్పింది అదే. మేం మరిచిపోయినా మా చేతులు మరిచిపోలేదు.

గుర్రం బిక్కమొహం వేసింది. "ఇది పడిపోనాది కదా మేడం. ఇంక మన పేర్లు?"

"ఎవరు పడ్డారు? నాకేటీ కనపడనేదు," అంది మేడం. "ఇంత మంచులో ఎవరికి కనపడతాది?" ఆ యాస విన్నాకే ఆవిడది శ్రీకాకుళమని మాకు తెలిసింది.

బావది పాత పంట్లాం ఒకటి తెచ్చి, నడుముకి తాడు కట్టి గుర్రం చేత దూకించాం. అయినా ఒంటిమీద లేని పావడాని పట్టుకోవడానికి దాని చెయ్యి దిగుతూనే ఉంది. చివరికి నేనే మోకాళ్ళమ్మ ముందున్న రెండు నిమ్మకాయలూ తీసి దాని రెండు చేతుల్లో పెట్టాను. చూడ్డానికొచ్చిన వంటమ్మ చెంపలు వాయించుకుంది. గుర్రం నిమ్మకాయలు గట్టిగా పట్టుకుని, చేతులు చాపి, మోకాళ్ళు విడిగా వంచి, కప్పలా దిగింది. లేచి నిలబడింది. ఆ తర్వాత మా జట్టులో ఎవరికీ మోకాలు పోలేదు. వాల్తేరులో చేతుల్లో అవేమిటని అడిగిన అధికారికి గుర్రం "అమ్మవారివండి" అని చెప్పింది. ఆయన ఇంకేమీ అడగలేదు. బహుమతి రాలేదు గానీ మా కాళ్ళమీద మేమే నడిచివెళ్ళి సముద్రంలో దిగాం. అల వచ్చినప్పుడు ఇద్దరం పావడాలు పట్టుకున్నాం.

ఈమధ్య నా మోకాళ్ళు చూసే డాక్టరు, ఆడవాళ్ళ మోకాలు మెలిపడడానికి ఎముకల తీరు, దిగే తీరు, ఇంకా చాలా ఉన్నాయని వివరించాడు. విన్నాను. కిందటేడు గుర్రమూ నేనూ ఆ మైదానం చూడ్డానికి వెళ్ళాం. రాయికి గుడి లేచింది, మెట్లు, గ్రిల్లు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఒక వరస. గుడి చూసుకునే ఆమె నన్ను చూసి "ఏ మోకాలు, పిన్నీ?" అంది. "రెండూ," అన్నాను. ఈ అమ్మోరి కథ తెలుసా అని అడిగితే, కొంచెం తెలుసన్నాను. నిమ్మకాయలు రెండు చేతుల్లో పెట్టి పంపింది.

గుర్రం అప్పటికే కిందికి దిగిపోయి ఆటోవాడితో బేరమాడుతోంది. చివరి మెట్టు దగ్గర నా కాలు తడబడింది. మోకాలి పైన ఐదు వేళ్ళు పడ్డాయి, చల్లగా. ఇంకా ఈ పాడలవాటు పోలేదనుకుని నవ్వుకుంటూ కిందికి చూశాను. చీర కుచ్చిళ్ళు వాటి దారిన అవి ఉన్నాయి. నా రెండు చేతుల్లోనూ నిమ్మకాయలున్నాయి. లెక్క ఇంకోసారి చూసుకున్నాను, తప్పలేదు. కానీ ఆ పట్టు లాగుతున్నట్టు లేదు. పెద్దదాన్నయిపోయానని కాబోలు, పడకుండా పట్టుకున్నట్టుంది.