టూటూకి సీటు

కువైట్‌లోని అహ్మదిలో పది రోజుల పని ముగించుకుని సిటీకి వెళ్లే బస్సెక్కేసరికి నా ఒళ్లు హూనమైపోయింది. మిగిలిన ఒక్క సీటులో కూలబడ్డాను. పక్క సీటులో మనుషులెవరూ లేరు. చక్రంలా విచ్చుకున్న తెల్లటి వలగుడ్డ గౌను ఒకటి దర్జాగా కూర్చుని ఉంది. అది జారిపోకుండా చెయ్యి అడ్డం పెట్టి, ఒళ్లంతా కప్పే నల్ల అబాయాలో ఒకామె నిలబడి ఉంది.

ఆమె ఫోనులో తెలుగు మాట్లాడటం విని, "ఇలా ఇవ్వమ్మా, నా ఒళ్లో పెట్టుకుంటాను. నువ్వు కూర్చో," అన్నాను.

"వద్దులేక్కా. నలిగితే మామా, అదే మా ఇంటి మేడమ్, ఊరుకోదు. సాయంత్రం వాళ్ల పాప బ్యాలే డ్యాన్సుంది," అంది.

రాయచోటి మనిషి. ముబారక్ అల్ కబీర్‌లో ఒక కువైటీ ఇంట్లో పనట. గౌనును టైలరు దగ్గర్నుంచి తీసుకుపోతోంది.

"దీన్ని టూటూ అంటారంట. పేరు సూడు, బస్సు హారను మాదిరి!"

నాకు నవ్వొచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు.

"ముందు కాలంలో ఇది చీలమండల దాకా ఉండేదంటక్కా. డ్యాన్సు చేసేటప్పుడు కాళ్లు ఎంత కష్టపడతాండాయో జనానికి కనపడల్లని, పైపైకి కత్తిరిస్తా వచ్చినారంట. టీచరమ్మ పాపకు చెప్తాంటే ఇన్న్యా."

నా చూపు కిందికి పోయింది. అబాయా అంచు దగ్గర, రబ్బరు చెప్పుల్లో వాచిన పాదాలు. ఒంటి బరువును ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి మార్చుకుంటున్నాయి.

ఆమె గమనించి అబాయాను కిందికి లాక్కుంది.

"మన కాళ్లు కాదులేక్కా," అంది.