కడుక్కోకుండా రా నాయనా

మా నాయన మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి తల నుంచి కాలి గోళ్ళ దాకా బూడిద రంగులో ఉండేవాడు. తొట్టి దగ్గర నాలుగు చెంబులు పోసుకుంటే మళ్ళీ మా నాయనే, నాలాగే నిగనిగలాడే నలుపు.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు, ఒక ఆదివారం చర్చి అయ్యాక పక్కింటి టీవీలో పాత హాస్య సినిమా వచ్చింది. ఒక శాస్త్రవేత్త యంత్రం కనిపెట్టి తనవాళ్ళందరినీ వెయ్యేళ్ళ తర్వాతి కాలానికి తీసుకుపోతాడు. అక్కడి మనుషులకు వెండి బట్టలు, మొహాలకు బూడిద రంగు పూత. శాస్త్రవేత్తకు ఒక నల్లటి నౌకరు. కనబడిన మీటనల్లా నొక్కడం, భయపడి బల్ల కిందికి దూరడం, తన్నులు తినడం అతని పని. చివరికి పొరపాటున యంత్రంలో పడి తెల్లగా బయటికొస్తాడు. అప్పుడు గానీ అతన్ని ఎవరూ కౌగిలించుకోరు. ఇల్లంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. అంతలో ఎవరో, "మీ నాయన ఆ నల్ల నౌకరు మాదిరే ఉంటాడు గదే!" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకుంటూ తలుచుకున్నా మండుతుంది. వెయ్యేళ్ళ తర్వాతి లోకాన్ని ఊహించిన మహానుభావులకు, ఆ యంత్రం నడిపేది ఒక నల్లటి మనిషి కావచ్చని మాత్రం తోచలేదు. కానీ ఆనాటి నా చిన్న బుర్ర వేరే లెక్క వేసింది. దుమ్ములో ఉంటే నాయన ఆ వెండి మనుషుల్లా ఉంటాడు. కడుక్కుంటేనే నౌకరు.

ఆ వారంలోనే బడిలో బహుమతులిచ్చే రోజు వచ్చింది. నాకు లెక్కల్లో మొదటి బహుమతి. ముందురోజే నాయనతో చెప్పాను.

"రేపు కడుక్కోకుండా రా నాయనా."

"అదేందమ్మా? చర్చికి ఏసుకునే చొక్కా ఏసుకుందామనుకుంటి."

"వద్దు. దుమ్ముతోనే రా. అట్లయితే నువ్వు సినిమాలో వచ్చే కాలం వాళ్ళ మాదిరి ఉంటావు. ఆ నౌకరు మాదిరి ఉండవు."

నాయన సరే అన్నాడు.

అట్లాగే వచ్చాడు. కుర్చీ మాసిపోతుందని గోడ పక్కన నిలబడ్డాడు. మా సారు అందరి ముందూ, "ఏందయ్యా, బిడ్డ బహుమతి తీసుకునే పొద్దు కూడా రెండు చెంబులు నీళ్ళు పోసుకోని రాగూడదా?" అన్నాడు. నాయన నా వైపు చూడనైనా చూడకుండా, "పని మీది నుంచి అట్లనే వచ్చినా సార్," అన్నాడు. అందరూ నవ్వారు. అది ఆదివారం నేను నవ్విన నవ్వే.

పోయిన వానాకాలం ఆ సినిమా ఫోన్‌లో కనబడితే నాయన పక్కన కూర్చుని పెట్టాను. ఇప్పుడు ఆయనకు ఆయాసం, మెల్లగా మాట్లాడతాడు. చివరిదాకా చూసి, "ఎగిరే బండ్లు పెట్టినారు గానీ, మనట్లాంటోళ్ళు ఒక్కరు లేరు గదమ్మా ఆ ఊర్లో," అన్నాడు.

ఇన్నేళ్ళుగా అడగాలనుకున్నది అడిగేశాను. "ఆ పొద్దు నేనే అట్ల రమ్మన్నానని చెప్పకుండా సారు చేత మాట ఎందుకు పడినావు నాయనా?"

ఆయన నవ్వాడు. బియ్యంలో రాళ్ళు ఏరుతున్న అమ్మ తలెత్తింది.

"పని మీది నుంచంట, పని! ఆ పొద్దు ఫ్యాక్టరీకి సెలవు. పొద్దున్నే నీళ్ళు పోసుకోని చొక్కా గూడా తీసి పెట్టుకున్నాడు. మళ్ళీ ఏమనుకున్నాడో, ఫ్యాక్టరీ గోడ పక్కన దుమ్ము కుప్ప కాడికి పోయి, చేతుల్తో ఒళ్ళంతా పూసుకోని వచ్చినాడు. బిడ్డ అడిగిందని."

నాకు ఏడుపు ఆగలేదు. నాయన నా తల మీద చెయ్యి వేశాడు.

"ఊరుకో అమ్మా. వచ్చే కాలం వాళ్ళ మాదిరి ఉంటినా లేదా, అది చెప్పు."