అమ్మ బొట్లున్న అద్దం

పోయినేడాది అమ్మ పోయాక, అమ్మమ్మ కాలంనాటి టేకు నగల పెట్టె నాకొచ్చింది. ఒక్క మేకు కూడా కొట్టకుండా, చెక్కలోకి చెక్క బిగించి చేసిన పెట్టె అది. మూత లోపల చిన్న అద్దం. స్నానానికి వెళ్లే ముందు అమ్మ స్టిక్కర్ బొట్టు తీసి ఆ అద్దానికి అంటించేది. కొన్ని అక్కడే మరిచిపోయేది.

పెట్టె మూల విడిపోతే, ఆటోనగర్‌లో లారీలకు చెక్క బాడీలు కట్టే ఒక పెద్దాయనకిచ్చాను. "కొత్తదానిలా చేసివ్వండి" అన్నది నేనే.

వారం తర్వాత వెళ్లి మూత తీస్తే, తళతళలాడే కొత్త అద్దం! బొట్లు లేవు. "ఎవరు తియ్యమన్నారండీ మిమ్మల్ని?" అని అరిచి, యాభై దాటినదాన్ని, అంతమంది మెకానిక్కుల మధ్య బావురుమన్నాను.

ఆయన లోపలికెళ్లి, తువ్వాల్లో చుట్టిన పాత అద్దం తెచ్చి నా చేతిలో పెట్టారు. మూడు మెరూన్ బొట్లూ అలాగే ఉన్నాయి.

"మసకబారిందని మార్చానమ్మా. బొట్లున్న అద్దాన్ని ఎట్టా పారేస్తాను? మా ఆవిడ పోయి ఆరేళ్లు. మా ఇంట్లో అద్దం ఇప్పటికీ తుడవలా" అన్నారు.

సిగ్గుతో తలెత్తలేకపోయాను. పాత అద్దమే మళ్లీ బిగించమని అడిగాను.

అందులో నా ముఖం సరిగ్గా కనబడదు. కాస్త వంగితే మాత్రం, అమ్మ బొట్టు నా నుదుటి మీదికొస్తుంది. రోజూ గడప దాటే ముందు ఒక్కసారి వంగుతాను.