సబ్‌స్టేషన్ మూల తంగేడు

ఎవరైనా సారు వస్తున్నాడంటే చాలు, బెళుగుప్ప దగ్గరి సబ్‌స్టేషన్ వాచ్‌మన్ మారెప్పకు కాలు నిలవదు. ఆవరణ ఊడ్చాల్సిందే, రాళ్ళకు సున్నం కొట్టాల్సిందే. పిచ్చి మనిషి! పనిమంతుడనిపించుకోవడానికి ప్రాణమిస్తాడు.

కంచె అవతల బయమ్మ పొద్దుతిరుగుడు చేను. మునుపటేడు పువ్వు విరగబూసింది గానీ గింజంతా తాలే. తేనెటీగలు లేకుంటే గింజ పట్టదని వ్యవసాయం సారు చెప్పాడు. చుట్టుపక్కల పొదలన్నీ జనం ఎప్పుడో నరికేశారు, ఇంక ఈగలెక్కడివి? బయమ్మ కరెంటోళ్ళను బతిమాలి సబ్‌స్టేషన్ మూలలో తంగేడు, తుమ్మి, తులసి పెంచింది. బిందెలతో నీళ్ళు మోసింది మారెప్పే. పొదలు పూతకొచ్చాక ఆ మూలంతా ఈగల రొద.

ఈ ఏడు చేను మొగ్గ మీదుండగా అనంతపురం నుంచి పెద్దసారు వస్తున్నాడని కబురొచ్చింది. ఎందుకని మారెప్ప అడగలేదు. ఈ గుబురు చూస్తే తనను తిడతాడనే భయం పట్టుకుంది. బయమ్మ యాడికి ఊళ్ళో ఉన్న చెల్లెలింటికి వెళ్ళి ఉంది. కొడవలి, గడ్డపార తీసుకుని మూలంతా నున్నగా చేసి, చుట్టూ సున్నం గీత కూడా గీశాడు.

పెద్దసారు జీపు దిగుతూనే అడిగాడు. "తేనెటీగల కోసం పొదలు పెంచినారంట గదా, యాడ? బాగుంటే అన్ని సబ్‌స్టేషన్లలో పెట్టిద్దామని వచ్చినా."

మారెప్పకు తల కొట్టేసినట్టయింది. అప్పుడే ఊరి నుంచి వచ్చిన బయమ్మ బోడి నేలను చూసింది, మారెప్ప మొహం చూసింది.

"వానల్లేక ఎండిపాయ సార్," అంది.

ఆమె నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. తనను కాచినందుకు మారెప్ప సిగ్గుతో చచ్చిపోయాడు.

చేను పూసింది. ఒక్క ఈగ రాలేదు. రోజూ పొద్దున్నే మారెప్ప చేలో దిగి, మెత్తటి గుడ్డతో ఒక్కో పువ్వునూ రుద్దుకుంటూ పోయేవాడు. ఈగలు చేసే పని తన మొరటు చేతులకు ఎక్కడ వస్తుంది? మెడలు విరిగిన పువ్వులు చూసి బయమ్మ గట్టు మీంచి దిగొచ్చింది.

"చాలుపో మారెప్పన్నా, ఎన్నని రుద్దుతావు? ఈ ఏటికి వచ్చినంత వస్తాది. వాన పడితే తంగేడు మళ్ళా ఇగురుస్తాది. వేర్లుండాయి గదా?"

మారెప్ప తలెత్తకుండా పక్క పువ్వుకు పోయాడు. వేర్లు కూడా గడ్డపారతో పెళ్ళగించి తగలబెట్టేశానని చెప్పడానికి అతనికి నోరు రాలేదు.